ఇంట్లో ఒకటే కంప్యూటర్ ఉంటే: స్క్రీన్ రీడర్ ఆడియో సెట్టింగులు

చూపు లేనివారు కంప్యూటర్ వాడాలంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కావాలి. విండోస్‌లో నేరేటర్ ముందే ఉంటుంది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏను ఉచితంగా దింపుకోవచ్చు. దానితో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు, ఉర్దూ గొంతులు కూడా ఉన్నాయి.

ఇంట్లో అందరికీ ఒకటే కంప్యూటర్ అయితే చిక్కు మొదలవుతుంది. చూపున్న తమ్ముడు ఆ గొంతు భరించలేక మ్యూట్ నొక్కి, పని చూసుకుని వెళ్లిపోతాడు. తర్వాత ఆపా వచ్చి కూర్చుంటే కంప్యూటర్ ఆన్‌లో ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు. ఆమె విషయంలో అది తెర ఆర్పేయడంతో సమానం.

మ్యూట్ బదులు: ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, ఎస్ కలిపి నొక్కితే మాట్లాడే పద్ధతి మారుతుంది. పని అయ్యాక మళ్లీ నొక్కుతూ 'మాట్లాడు' పద్ధతికి తేవాలి. పూర్తిగా ఆపాలంటే ఇన్సర్ట్, క్యూ. తిరిగి తెరవడానికి మామూలుగా కంట్రోల్, ఆల్ట్, ఎన్. నేరేటర్‌కైతే విండోస్, కంట్రోల్, ఎంటర్ చాలు. ఆపడానికీ తెరవడానికీ అదే.

హెడ్‌సెట్‌కు వేరుగా: ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగులలో అవుట్‌పుట్ పరికరంగా యూఎస్‌బీ హెడ్‌సెట్‌ను ఎంచుకోవచ్చు. అప్పుడు మాట హెడ్‌సెట్‌లో, మిగతా శబ్దం స్పీకర్లలో వస్తుంది. బ్యాంకు లెక్కలు, సొంత ఉత్తరాలు ఇల్లంతా వినపడవు.

వీడియో పాఠంలో మాట కలిసిపోతే: ఇన్సర్ట్, షిఫ్ట్, డి నొక్కితే ఆడియో డకింగ్ మారుతుంది. ఎన్‌వీడీఏ మాట్లాడేటప్పుడు మిగతా శబ్దం తగ్గుతుంది. 'ఎప్పుడూ తగ్గించు' మీద ఉంచితే మాత్రం ఎన్‌వీడీఏ నడుస్తున్నంతసేపూ వీడియోలు మెల్లగానే వినిపిస్తాయి. స్పీకర్లు పాడయ్యాయని అనుకోవద్దు.

ఎవరి అకౌంట్ వారికి: అన్నిటికన్నా మేలైన దారి ఇదే. విండోస్‌లో ఇద్దరికీ వేరు అకౌంట్లు పెడితే ఎన్‌వీడీఏ సెట్టింగులూ వేరుగా ఉంటాయి. సైన్ ఇన్ అయ్యాక తానే మొదలయ్యే ఏర్పాటు ఆపా అకౌంట్‌లోనే పెట్టండి. సైన్ ఇన్ తెర మీద కూడా గొంతు వినిపించాలంటే దానికి వేరే సెట్టింగ్ ఉంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. అది పెట్టకపోతే పాస్‌వర్డ్ దగ్గరే ఆమె ఆగిపోతుంది.

అకౌంట్లు వేరైనా, లేచే ముందు మ్యూట్ తీసి, సౌండ్ ఆమెకు వినపడేంత పెట్టి లేవండి. అప్పుడు ఆమె ఎవరినీ పిలవక్కర్లేదు.