నమోదు లేని చోట పునరుద్ధరణ ఏది?

రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి ధమ్తరీ, కాంకేర్, జగదల్‌పూర్, సుక్మా, కోంటాలను దాటి, భద్రాచలం మీదుగా విజయవాడ పొరుగునున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ నిలిపి ఉంచిన 108 వాహనాన్ని పరిశీలించినా, అందులో దాదాపు ప్రతిదానికీ ఒక గడువు తేదీ కనిపిస్తుంది. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా పునరుద్ధరించాలి. డ్రైవరు రవాణా లైసెన్సుకు ఐదేళ్ల గడువు. ఆక్సిజన్ సిలిండరు మీద పరీక్ష తేదీ, మందు సీసా మీద గడువు నెల. వెనుక భాగంలో రోగి పక్కన కూర్చుని ఊపిరి నిలబెట్టే మనిషి అర్హతకు మాత్రం చట్టం నిర్ణయించిన గడువు లేదు. గడువు లేదంటే ఆ అర్హత జీవితాంతం చెల్లుతుందని అర్థం కాదు. చట్టం దృష్టిలో అది ఇంకా సరిగా పుట్టనే లేదని అర్థం.

అత్యవసర వైద్య సాంకేతిక సిబ్బంది, వాడుకలో ఈఎంటీలు, తమ ధ్రువీకరణను ఎలా పునరుద్ధరించుకోవాలన్న ప్రశ్న పైకి కార్యాలయ వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి ఇది రాజకీయ ప్రశ్న. డాక్టరుకూ సామాన్యుడికీ మధ్య నిలబడి వైద్యం చేసే మనిషిని ఈ దేశం అవసరమైనప్పుడు పిలిచింది, అవసరం తీరాక పుస్తకంలో పేరు రాయడానికి వెనుకాడింది. ఒక శతాబ్ద కాలంలో ఇది మూడుసార్లు జరిగింది. ఆ మూడు అధ్యాయాలూ రాయ్‌పూర్ ప్రాంతాన్ని తాకాయి.

మొదటి అధ్యాయం లైసెన్షియేట్లది. రాయ్‌పూర్ అప్పుడు మధ్యపరగణాలలో ఉండేది. నాగపూర్‌లోని రాబర్ట్‌సన్ మెడికల్ స్కూలు, మన వైపు 1902లో మొదలైన విశాఖపట్నం మెడికల్ స్కూలు వంటివి విశ్వవిద్యాలయ పట్టా కంటే తక్కువ కాలపు చదువుతో వైద్యులను తయారుచేశాయి. ఎల్.ఎమ్.పి. డాక్టరుగారంటే మన తాతల తరానికి తాలూకా కేంద్రంలో అందుబాటులో ఉన్న ఏకైక ఆధునిక వైద్యుడు. రాష్ట్రస్థాయి నమోదు చట్టాలు వారిని గుర్తించాయి. 1933 నాటి భారత వైద్య మండలి చట్టం మాత్రం విశ్వవిద్యాలయ పట్టాలకే పరిమితమై, లైసెన్షియేట్లను తన పరిధికి వెలుపల ఉంచింది. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి దేశంలోని సుమారు 47,500 మంది వైద్యులలో దాదాపు 30,000 మంది లైసెన్షియేట్లే. అయినా ఇకపై దేశానికి ఒకే రకమైన వైద్యుడు ఉండాలనీ, లైసెన్షియేట్ చదువును నిలిపివేయాలనీ కమిటీ సూచించింది. కమిటీ సభ్యులలోనే కొందరు దీనితో విభేదించారు. ప్రమాణం పెంచాలన్న ఆ ఆశయం తప్పని నేననను. ఆ ప్రమాణాన్ని అందుకున్న వైద్యులు పల్లెకు చేరేలోగా పల్లె ఎవరిని ఆశ్రయించాలన్న ప్రశ్నకు సమాధానం లేకపోవడమే లోపం.

రెండవ అధ్యాయానికి రాయ్‌పూరే కేంద్రం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడే నాటికి రాష్ట్రమంతటికీ ఉన్నది ఒకే ప్రభుత్వ వైద్య కళాశాల, 1963లో రాయ్‌పూర్‌లో స్థాపించినది. బస్తర్, సర్గుజా ప్రాంతాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు డాక్టర్లు దొరకలేదు. అజిత్ జోగి ప్రభుత్వం 2001లో ఛత్తీస్‌గఢ్ చికిత్సా మండల్ చట్టాన్ని తెచ్చి మూడేళ్ల వైద్య కోర్సును ప్రారంభించింది. భారత వైద్య సంఘం వ్యతిరేకించింది. కోర్సు పేరు మారింది, విద్యార్థులు వీధికెక్కారు, కొన్నేళ్లకే కొత్త ప్రవేశాలు ఆగిపోయాయి. చదువు ముగించినవారిని తరువాత గ్రామీణ వైద్య సహాయకులుగా నియమించారు.

వారి పని ఎలా ఉందో 2010లో వెలువడిన ఒక అధ్యయనం పరిశీలించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తరచుగా కనిపించే జబ్బులను గుర్తించి చికిత్స చేయడంలో వీరు ఎంబీబీఎస్ వైద్యాధికారులకు తీసిపోలేదని అందులో తేలింది. శిక్షణ ఇచ్చారు, పనిలో పెట్టారు, పని బాగుందని తేల్చారు. అయినా వారి హోదాపై వివాదం ఆగలేదు. అస్సాంలో ఇటువంటి మూడేళ్ల కోర్సుకు ఆధారమైన 2004 నాటి చట్టాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరిలో రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. వైద్యవిద్య ప్రమాణాలను నిర్ణయించే అధికారం కేంద్రానిదని ఆ తీర్పు సారాంశం. అయితే ఆ కోర్సు చదివినవారికి పరిమిత పాత్రలో చోటు కల్పించిన అస్సాం తరువాతి చట్టాన్ని అదే తీర్పు నిలబెట్టింది. కోర్టు గీసిన ఈ గీతలో ఒక పాఠం ఉంది. పాత్రను స్పష్టంగా నిర్వచించి నమోదు చేస్తే మధ్యస్థ వైద్య సిబ్బందికి చట్టంలో స్థానం దొరుకుతుంది.

మూడవ అధ్యాయం హైదరాబాదులో మొదలైంది. 2005 ఆగస్టు 15న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో 108 సేవ ప్రారంభమైంది. సత్యం రామలింగరాజు నెలకొల్పిన ఈఎంఆర్ఐ సంస్థ దానిని నడిపింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక సంస్థ జీవీకే చేతికి వెళ్లింది. ఈలోగా ఆ నమూనా ఒక్కొక్క రాష్ట్రానికి విస్తరించి, 2011 ఆరంభంలో ‘సంజీవని ఎక్స్‌ప్రెస్’ పేరుతో ఛత్తీస్‌గఢ్ చేరింది. జీవశాస్త్ర పట్టభద్రులు, నర్సింగ్, ఫార్మసీ చదివినవారు ఈఎంటీలుగా చేరారు. సంస్థ కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, మధ్యమధ్య పునశ్చరణ తరగతులు నడిపేది. అది మంచి శిక్షణే కావచ్చు. కాని ఆ కాగితం కంపెనీది, ప్రభుత్వానిది కాదు. టెండరు మారితే కంపెనీ మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఒకసారి, 2020లో మరోసారి 108 నిర్వాహకులు మారారు. ఛత్తీస్‌గఢ్‌లోనూ నిర్వహణ చేతులు మారింది. బండి మీద రంగు మార్చినంత తేలికగా మనిషి అనుభవాన్ని కొత్త సంస్థ ఖాతాలోకి మార్చడం సాధ్యం కాదు. దానికి ఏ సంస్థకూ చెందని ఒక రిజిస్టరు కావాలి. రాయ్‌పూర్‌లో రాష్ట్ర పారామెడికల్ కౌన్సిల్ ఉంది. అది తాను గుర్తించిన కోర్సులు చదివినవారిని నమోదు చేస్తుంది. కంపెనీ తరగతి గదిలో నేర్చుకున్నవారి సమస్య దానితో తీరదు.

అసలు పునరుద్ధరణ ఎందుకని అడిగేవారూ ఉన్నారు. 108 మొదలైన 2005 ఆగస్టులో, గుండె ఆగిన వయోజనుడికి 15 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఊదాలన్నది అంతర్జాతీయంగా చలామణీలో ఉన్న నియమం. అదే ఏడాది చివరలో అది 30కి 2గా మారింది. 2010లో క్రమమే మారిపోయింది. ముందు శ్వాసమార్గం చూడాలన్న పాత పద్ధతి పోయి, ముందు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలన్నారు. సాధన లేకపోతే ఈ నైపుణ్యం నెలల్లోనే మందగిస్తుంది. అందుకే అమెరికాలో 1970లో ఏర్పడిన జాతీయ ఈఎంటీ రిజిస్ట్రీ రెండేళ్లకొకసారి పునఃధ్రువీకరణ కోరుతుంది. మన డాక్టర్లకు కూడా 2002 నాటి వైద్య మండలి నిబంధనలు ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర విద్యను సూచించాయి. మన ఆసుపత్రులలో పనిచేసే చాలామంది సిబ్బంది చేతిలో ఉన్న గడువు గల కార్డు అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌ది, రెండేళ్లు చెల్లేది. మన పౌరుడి ప్రాణానికి సంబంధించిన నైపుణ్యానికి గడువు పెట్టే బాధ్యతను సముద్రాల అవతలి స్వచ్ఛంద సంస్థకు వదిలేశామన్న మాట.

పునరుద్ధరణకు మరో ముఖం కూడా ఉంది. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, నల్లజాతి పేదల వాడలో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవ మొదలైంది. ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులను డాక్టర్ పీటర్ సఫార్ కఠినమైన శిక్షణతో దేశంలోని తొలి పారామెడిక్ బృందాలలో ఒకటిగా తీర్చిదిద్దాడు. 1975లో నగర పాలకులు సొంత సేవను ప్రారంభించి దానిని మూసివేశారు. కొత్త వ్యవస్థలోకి వెళ్లిన ఫ్రీడమ్ హౌస్ సిబ్బందిలో చాలామంది కొత్త పరీక్షలు, కొత్త షరతుల మధ్య నిలవలేకపోయారు. ప్రమాణం పేరుతో జల్లెడ పట్టినప్పుడు, ప్రమాణాన్ని సృష్టించినవారే కిందికి జారిపోయారు.

ఈ హెచ్చరిక మనకు ఇప్పుడు అవసరం. 2021 మార్చిలో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. దాని షెడ్యూలులో అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడి పేరు మొదటిసారిగా చోటు చేసుకుంది. రాష్ట్ర మండళ్లు, రాష్ట్ర రిజిస్టర్లు, జాతీయ రిజిస్టరు అందులో ఉన్నాయి. రాష్ట్రాలు ఎంత నింపాదిగా కదిలాయంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు విధించవలసి వచ్చింది. చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుడికి కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున అది 250 పనిదినాలు. కొన్ని వారాల కంపెనీ శిక్షణతో మొదలై, పదేళ్లుగా పాముకాట్లు, పురుళ్లు, రహదారి ప్రమాదాలు చూసిన మనిషిని ఈ కొలబద్ద ముందు నిలబెడితే ఏమవుతుంది?

2,000 గంటల ప్రమాణాన్ని తగ్గించమని నేను కోరను. తగ్గిస్తే నష్టపోయేది రోగి, ముఖ్యంగా మరో దారి లేని పేద రోగి. కాని క్రమం ముఖ్యం. మొదట, ఇప్పుడు పనిలో ఉన్న ప్రతి ఈఎంటీనీ, ఏ కంపెనీ కింద ఎన్నేళ్లు చేశారన్న వివరంతో సహా రాష్ట్రం నమోదు చేయాలి. తరువాత ఆ అనుభవానికి లెక్కకట్టి, మిగిలిన గంటలకు ప్రభుత్వ ఖర్చుతో, సెలవు జీతంతో వారధి కోర్సు నడపాలి. ఆ తరువాతే నిర్ణీత కాలానికొకసారి పునరుద్ధరణ. అంబులెన్సు టెండరు పత్రంలో ఈ శిక్షణ ఖర్చుకు విడిగా ఒక పద్దు ఉండాలి. రాయ్‌పూర్, అమరావతి, హైదరాబాదు శాసనసభలలో ఈసారి 108పై చర్చ వచ్చినప్పుడు బండ్లు ఎన్ని, ఎన్ని నిమిషాలలో వచ్చాయి అన్న పాత ప్రశ్నలతో పాటు ఇంకొకటి అడగమని మన ప్రతినిధులను కోరవచ్చు: ఆ బండి వెనుక కూర్చున్నవారిలో ఎందరి పేర్లు రాష్ట్ర రిజిస్టరులో ఉన్నాయి?