ఎవరి పాదాల లెక్క?

1937 అంటే నిజామాబాద్ జిల్లాలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది శక్కర్‌నగర్. బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది అది. అదే ఏడాది కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్, మంచు మీద పరుగెత్తే బండి కోసం తయారుచేసిన పళ్లచక్రం, పట్టాల ఏర్పాటుకు పేటెంట్ తెచ్చుకున్నాడు. అంతకు మూడేళ్ల కిందట, 1934 చలికాలంలో, మంచుతో దారులు మూసుకుపోయి ఆస్పత్రికి చేర్చలేక అతని రెండేళ్ల కొడుకు చనిపోయాడు. బొంబార్డియే తొలి బండ్లు మూసిన వ్యాన్లలాంటివి, లోపల ఏడుగురు కూర్చునేవారు. 1959లో వచ్చిన స్కీ-డూ మాత్రం మోటార్ సైకిల్‌లా ఎక్కి తోలేది. ఇవాళ స్నోమొబైల్ అంటున్నది ఆ రకం బండినే.

చక్కెర ఫ్యాక్టరీకీ మంచుబండికీ ఏం సంబంధం అంటారా? పాదాలే. పని చేసే మనిషి పాదాలు తడవకుండా, కొంకర్లు పోకుండా చూసే బాధ్యత ఎవరిది అనే ప్రశ్న రెండుచోట్లా ఒకటే. జవాబులు మాత్రం వేరు.

ముందు మంచుబండి సంగతి చూద్దాం. నడిచేవాడి పాదానికి నడకే వేడి పుట్టిస్తుంది. పిక్కల కండరాలు కదులుతుంటే రక్తం కిందికి పారుతూ ఉంటుంది. బండి మీద కూర్చున్నవాడి పాదం గంటల తరబడి ఒకేచోట కదలకుండా ఉంటుంది, పైగా ఎదురుగాలి కొడుతుంది. శరీరానికి చలి పట్టగానే గుండె, మెదడు కాపాడుకోడానికి అది మొదట చేతులకూ కాళ్లకూ పోయే రక్తం తగ్గిస్తుంది. అంటే శరీరమే పాదాన్ని వదిలేస్తుంది.

ఇక తడి. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాక్కుపోతుంది. ఆ నీరు బయటి మంచు నుంచే రానక్కర్లేదు. ఒక్కో పాదంలో లక్షకు పైగా చెమట గ్రంథులున్నాయి. నీళ్లు చొరని బూటు వేసుకుంటే లోపలి చెమట బయటికి పోదు. అందుకే చలిదేశాల బూటు రెండు బూట్లుగా తయారైంది: కింద నీళ్లు చొరని రబ్బరు, లోపల ఊడదీసి ఆరబెట్టుకునే ఉన్ని తొడుగు. అనుభవమున్నవాళ్లు రెండో తొడుగు వెంట ఉంచుకుంటారు, మధ్యాహ్నం మార్చుకుంటారు. బూటు కొంచెం వదులుగా ఉండాలి. చలి ఎక్కువని రెండు జతల సాక్సులు ఇరికిస్తే రక్తం ఆగి పాదం ఇంకా చల్లబడుతుంది. మొత్తం శాస్త్రం మూడు మాటల్లో చెప్పొచ్చు: పొడిగా, వదులుగా, లోపల కాస్త గాలి నిలిచేలా.

ఇప్పుడు బోధన్‌కి వద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని వెనక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లొచ్చాక వరి పెరిగింది, చెరకు పెరిగింది, చెరకు కోసం ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. ఈ చరిత్రని మనం ఎకరాల్లో, టన్నుల్లో చదువుకున్నాం. పాదాల వైపు నుంచి చూస్తే ఇదే చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది. కాలువ రావడమంటే నేల ఎక్కువ నెలలు తడిగా ఉండటం. ఆ తడిలో ఎవరో ఒకరు నిలబడాలి.

చెరకు గానుగాడే కాలం చలికాలం. చెరకు కొట్టేది తెల్లవారుజామున, మంచు కురిసిన ఆకుల మధ్య. ట్రాక్టర్లు రాకముందు చెరకు ఫ్యాక్టరీకి చేరింది ఎడ్లబండ్ల మీద. బండి తోలేవాడిది అచ్చంగా మంచుబండి తోలేవాడి స్థితే: కూర్చునే ఉంటాడు, కాళ్లు వేలాడుతుంటాయి, గాలి తగులుతుంటుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు, నిజమే. కానీ జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల చలి, తడిసిన ఉత్తకాళ్లకు తక్కువేం కాదు.

దానికి తెలంగాణ దగ్గరున్న జవాబు గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసే గొంగడి పగలు కొప్పెర, రాత్రి పక్క, బండి మీద కాళ్ల కప్పు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి పెద్దగా తడి తెలియదు, వెచ్చదనం పూర్తిగా పోదు. కెనడా బూటులోని ఉన్ని తొడుగు పనిచేసేదీ ఈ గుణం మీదే. అంటే సరుకు లేక కాదు, మనవాళ్లకు తెలివి లేకా కాదు. పైన కప్పుకోడానికి ఉన్ని ఉంది. పాదానికి మాత్రం ఏమీ రాలేదు.

ఎందుకు రాలేదు?

ఒక కారణం న్యాయమైనదే. నల్లరేగడి బురదలో తోలు చెప్పు నిలవదు. దిగబడుతుంది, నానిపోతుంది. నీళ్లు నిండిన బూటుకంటే ఉత్తకాలే మేలు, గట్టెక్కగానే ఆరిపోతుంది. నాట్లేసే మనిషి పాదరక్షలు లేకుండా దిగడంలో లెక్క ఉంది. ఆషాఢంలో గోరింటాకు, పాదాలకు పసుపు ఎందుకంటే నీళ్లల్లో నానే కాళ్లకు మంచిదని పెద్దవాళ్లు చెప్పేది అందుకే.

రెండో కారణం అంత న్యాయమైనది కాదు. తెలంగాణ పల్లెల్లో చెప్పు అనేది వాతావరణానికి సంబంధించిన వస్తువు మాత్రమే కాదు, హోదా. దొర గడి ముందునుంచి పోతే చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సిన రోజులు మన తాతల జ్ఞాపకాల్లో ఉన్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి రకాలు వివరిస్తూ, మాదిగలు చెప్పులు, తోలు సామాన్లు దొరలకు డబ్బుల్లేకుండా చేసిపెట్టాల్సి రావడం గురించి రాశారు. తంగేడు చెక్కతో తోలు ఊనబెట్టి, కుట్టి, ఆముదం రాసి మెత్తబరిచే విద్య వాళ్లది. ఆ తంగేడు పువ్వే ఇవాళ మన రాష్ట్ర పుష్పం. చెప్పు తయారుచేసేవాడికే చెప్పు వేసుకునే హక్కు లేని ఊళ్లో, కూలిమనిషి పాదం పొడిగా ఉండాలని ఎవరు అనుకుంటారు?

నేను రోజూ చేసే పని భాషలో చెప్తాను. ఇది డిజైన్ సమస్య కాదు, రిక్వైర్‌మెంట్ రాసేవాడి సమస్య. రాసే మనిషికి నొప్పి తెలియకపోతే, ఆ నొప్పి డాక్యుమెంట్‌లోకే రాదు.

లోకంలో పాదాల నొప్పి డాక్యుమెంట్‌లోకి వచ్చింది యుద్ధాల వల్ల. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914-15 చలికాలంలో, కందకాల నీళ్లలో నిలబడ్డ బ్రిటిష్ సైనికుల పాదాలు వాచి, నల్లబడి, కుళ్లాయి. ‘ట్రెంచ్ ఫుట్’ అన్నారు. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. చల్లని తడి, బిగుతు బూటు, కదలిక లేకపోవడం చాలు. ఆ ఒక్క చలికాలంలోనే సుమారు 20 వేల మంది దాని బారిన పడ్డారు. అప్పుడు ఆదేశాలొచ్చాయి: సాక్సులు రోజూ మార్చాలి, పాదాలకు తిమింగలం నూనె రుద్దాలి, సైనికుల పాదాలు చూసుకునే బాధ్యత అధికారిది. అదే కందకాల్లోకి 1914లో భారత సైనికులు వేడిదేశాల నూలు బట్టలతో దిగారు. 1915 చివరికి భారత పదాతి దళాన్ని అక్కణ్నుంచి తప్పించారు. పాఠం నేర్చుకున్నామా? 1962లో చైనాతో యుద్ధానికి మన జవాన్లలో చాలామంది హిమాలయాలు ఎక్కింది నూలు యూనిఫాంలతో, కాన్వాస్ బూట్లతో.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం వియత్నాం. 1960ల్లో మెకాంగ్ డెల్టా వరిపొలాల్లో రోజుల తరబడి నడిచిన అమెరికన్ సైనికులకు ఇంకో రకం జబ్బు వచ్చింది. నీళ్లు చల్లగా లేవు, గోరువెచ్చగానే ఉన్నాయి. అయినా రెండు మూడు రోజులు ఆరకుండా నానితే పాదాలు ఎర్రబడి, వాచి, అడుగు వేయలేని స్థితి. సైనిక వైద్యులు దానికి ‘ప్యాడీ ఫుట్’ అనే పేరు కూడా పెట్టారు. అక్షరాలా వరి పాదం. అక్కడి 9వ పదాతి డివిజన్ సైనికుణ్ని 48 గంటలకు మించి పొలాల్లో ఉంచొద్దని నియమం పెట్టుకుంది.

వేల ఏళ్లుగా వరి పండించిన ఆసియాలో వరి పాదానికి ఇంగ్లిష్ వైద్యంలో పేరు దొరికింది, అమెరికన్ సైనికుడు ఆ పొలంలో దిగాకే. మన నాట్లకూలీ రాత్రి ఇంటికొచ్చి కాళ్లు ఆరబెట్టుకుంటుంది కాబట్టి జబ్బు అంత ముదరలేదేమో. కానీ వేళ్ల సందులు ఒరుసుకుపోవడం, మడమలు పగలడం, వాటిలో బురద చేరి చీము పట్టడం ఇక్కడ ఎవరికి కొత్త? పని ఎన్ని గంటలకు ఆపాలన్న నియమం మాత్రం ఏ కాలువ కింద కూడా రాలేదు.

ఈ కథలో నిజామాబాద్‌కు ఇంకో అధ్యాయం ఉంది. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి 8 రోజుల ముందు, ఈ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరం చేరిన అమ్మాయిల్లో అందరికంటే చిన్నది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. 16 ఏళ్లు నిండనివాళ్లను నేపాల్ అనుమతించదు కాబట్టి టిబెట్ వైపునుంచి ఎక్కింది, తోడు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. భువనగిరి గుట్ట, డార్జిలింగ్, లదాఖ్‌లలో శిక్షణ. 2022లో అలాస్కాలోని డెనాలి ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది.

ఆ ఎత్తులో పాదం ఏమవుతుందో పర్వతారోహణ చరిత్ర నిండా ఉంది. 1950లో అన్నపూర్ణ ఎక్కిన మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనల్ ఇద్దరూ కాలివేళ్లు పోగొట్టుకున్నారు. 1953 మే 29 పొద్దున హిల్లరీ లేచేసరికి గుడారం బయట పెట్టిన బూట్లు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. స్టవ్ మీద వాటిని మెత్తబరచడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. టెన్జింగ్ రాత్రంతా బూట్లు విప్పలేదు. ఆ బ్రిటిష్ బూట్ల పొరల మధ్య, పాదం వెచ్చగా ఉండటానికి కూరింది ఏమిటో తెలుసా? కపోక్. అంటే బూరుగు దూది. మన ఇళ్లల్లో పరుపుల్లో, దిండ్లలో కుక్కే దూదే.

ఇప్పటి ఎవరెస్ట్ బూటు కూడా సూత్రంలో మారలేదు: ఊడదీసే లోపలి బూటు, గట్టి డొల్ల, మోకాలి కింద దాకా పై తొడుగు. అలాంటి సరంజామా పాకాల అమ్మాయి దాకా వచ్చిందంటే, ఒక ప్రభుత్వ గురుకుల వ్యవస్థ ఆ పిల్ల ఏం కావాలో లెక్కలో రాసి, ఖర్చు పెట్టాలని నిర్ణయించుకుంది కాబట్టే. విజయం ఆమెది. కానీ ఆమె పాదాలను మొదట లెక్కలోకి తీసుకున్నవాళ్లు ఉన్నారు, అది మర్చిపోకూడదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరుస్తారన్న మాట ఎన్నికలప్పుడల్లా వినిపిస్తుంది. తెరిస్తే టన్నుల లెక్క, క్వింటాల్ ధర లెక్క, ఉద్యోగాల లెక్క మాట్లాడుకుంటాం. ఆ జాబితాలో గమ్‌బూట్లు, పొడి సాక్సులు, తడిలో నిలబడే గంటలకు ఒక పరిమితి కూడా చేర్చమని అడిగితే నవ్వుతారేమో. 1914లో సైనికుడి సాక్సుల గురించి అడిగినా నవ్వేవాళ్లే. ఉన్ని మన దగ్గరే ఉంది, తోలు, బూరుగు దూది కూడా ఉన్నాయి. పాదం కూడా పనిముట్టేనని ఒప్పుకోవడానికి మాత్రం ప్రతిచోటా యుద్ధం రావాల్సిన పని లేదు.