స్వాహిలీ భాషలో చోటు, వేళ

1844లో జర్మన్ మిషనరీ యోహాన్ లుడ్విగ్ క్రాఫ్ తూర్పు ఆఫ్రికా తీరాన మొంబాసా రేవులో దిగాడు. కొద్ది నెలలకే అతని భార్యా, పసికందూ మరణించారు. అయినా అతడు ఆ తీరం విడువక, అక్కడి స్వాహిలీ భాషను నేర్చి 1850లో దానికొక వ్యాకరణం ప్రకటించాడు. అతని స్వాహిలీ నిఘంటువు 1882లో అచ్చయి వచ్చేనాటికి అతడు జీవించి లేడు.

లాటిన్ వ్యాకరణంతో పెరిగిన యూరోపియనులకు ఈ భాష చిక్కుముడిగా తోచడంలో వింతలేదు. ఇందులో స్త్రీ పుం నపుంసక భేదం లేదు. నామవాచకాలు పలు వర్గాలుగా ఏర్పడి వున్నవి. వర్గాన్ని బట్టి విశేషణానికీ, క్రియకూ ముందు ఒక ప్రత్యయం చేరుతుంది. దక్షిణ ఆఫ్రికాలో ఇటువంటి భాషలనే పరిశీలించిన విల్‌హెల్మ్ బ్లీక్ 1862 నాటి తన గ్రంథంలో వాటిని 'బంటూ' అన్నాడు. 'న్‌టు' అనగా మనిషి. 'బ' బహువచన ప్రత్యయం. వర్గాలకు సంఖ్యలు పెట్టే పద్ధతి అతనిదే. తరువాత కార్ల్ మైన్‌హోఫ్ దానిని విస్తరించాడు.

ఆ వరుసలో 16, 17, 18 సంఖ్యలు గల వర్గాలు కేవలం చోటుకు సంబంధించినవి. స్వాహిలీలో 'న్యుంబా' అంటే ఇల్లు, 'న్యుంబాని' అంటే ఇంటి దగ్గర. దానికి 'నా' అనే మాట చేర్చాలంటే మూడు దారులున్నవి. 'న్యుంబాని పాంగు' అంటే సరిగా నా ఇంటివద్దనే. 'న్యుంబాని క్వాంగు' అంటే మా ఇంటి ప్రాంతాన. 'న్యుంబాని మ్వాంగు' అంటే నా ఇంటి లోపల. మనం వద్ద, లోపల అనే మాటలతో చూపే తేడాను వారు 'నా' అనే మాటలోనే చూపుతారు!

క్రియ సంగతి మరీ విచిత్రం. 'ఇంట్లో మనుషులున్నారు' అన్నప్పుడు మన క్రియ మనుషులను అనుసరిస్తుంది. 'న్యుంబాని మ్నా వాటు' అన్న స్వాహిలీ వాక్యంలో క్రియ ఇంటి లోపలిభాగాన్ని అనుసరిస్తుంది. అంటే చోటే కర్త. చిచేవా వంటి బంటూ భాషలలో ఈ ప, కు, ము ప్రత్యయాలు నామవాచకానికి ముందే కనిపిస్తవి. స్వాహిలీలో ఆ స్థానం పోయి చివర 'ని' వచ్చినది. కాని పాత ప్రత్యయాల జాడ విశేషణాలలో, క్రియలలో చెరగలేదు.

ఈ 'ప'యే 'పో' రూపంలో కాలాన్ని కూడా తెలుపుతుంది. 'అలిలాలా' అంటే అతడు నిద్రించాడు. 'అలిపోలాలా' అంటే నిద్రించిన చోట, లేక నిద్రించినప్పుడు. ఏది అన్నది సందర్భమే చెప్పాలి.

భవిష్యత్తును తెలిపే 'టా'కు మూలం 'టాకా', అనగా కోరు. 'అటాకుజా' (అతడు వస్తాడు) లో సగమే మిగిలినా, 'అటాకాయెకుజా' (రాబోయేవాడు) లో ఆ క్రియ చెక్కుచెదరక నిలిచివున్నది. ఇంగ్లీషు 'విల్' కూడా ఒకప్పుడు కోరికను తెలిపిన మాటే.

ఇక గడియారం. ఉదయం ఏడు గంటలను స్వాహిలీలో 'సా మోజా', అంటే ఒంటిగంట అంటారు. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడుగునా సూర్యుడు ఆరింటి ప్రాంతంలోనే ఉదయిస్తాడు గనుక లెక్క అక్కడినుంచి మొదలు. మన పూర్వులు ఘడియలను లెక్కించినదీ సూర్యోదయం నుంచే. 'సా' అరబ్బీ మాట, లెక్క మాత్రం స్థానికం. వారాల పేర్లలో ఈ కలయిక తమాషాగా వుంటుంది: శనివారం మొదటిది కాగా బుధవారం 'జుమాటానో', ఐదవది, మరునాడు గురువారం 'అల్హామిసి', అరబ్బీలో అదీ ఐదవదే.