జూడోలో పురుషుల టీమ్ పోటీ: ఐదుగురిలో ముగ్గురు గెలవాలి

జూడో అనగానే ఇద్దరు తలపడే ఆటే గుర్తొస్తుంది. అయితే ప్రపంచ స్థాయిలో దేశానికి దేశం ఢీకొనే టీమ్ పోటీ కూడా ఉంది. పురుషుల ప్రపంచ టీమ్ పోటీ 1994లో పారిస్‌లో మొదలైంది, చివరిసారి 2015లో అస్తానాలో జరిగింది. 2017 నుంచి దాని స్థానంలో మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి ఆడే మిక్స్‌డ్ టీమ్ పోటీ వచ్చింది.

ఆట ఎలా నడుస్తుంది

జూడోను 1882లో జపాన్‌లో జిగోరో కానో మొదలుపెట్టారు. తెల్ల లేదా నీలం రంగు మందపాటి కోటు, నడుముకు బెల్టు. ఎదుటివాడి కోటు పట్టుకుని, బలంగా, వేగంగా వీపు మీద పడేలా విసిరితే 'ఇప్పోన్'. అంతటితో ఆట ముగిసినట్టే. 20 సెకన్లు చాప మీద కదలకుండా నొక్కి పట్టినా ఇప్పోనే. విసురు అంత శుభ్రంగా లేకపోతే 'వాజా-అరి' ఇస్తారు, అవి రెండు కలిస్తే ఒక ఇప్పోన్. మూడు హెచ్చరికలు పడితే ఆట పోయినట్టే. సమయం 4 నిమిషాలు. అప్పటికీ తేలకపోతే 'గోల్డెన్ స్కోర్', అంటే ముందు పాయింట్ సాధించినవాడిదే గెలుపు.

టీమ్ లెక్క

పురుషుల టీమ్ పోటీ చివరి సంవత్సరాల్లో ఒక్కో జట్టు నుంచి ఐదుగురు దిగేవారు: 66, 73, 81, 90 కిలోల లోపు నలుగురు, 90 కిలోలు దాటినవాడు ఒకడు. మూడు కుస్తీలు గెలిచిన జట్టుదే విజయం. తక్కువ బరువున్నవాడు పై విభాగంలో ఆడొచ్చు, బరువు ఎక్కువున్నవాడు కిందికి రాకూడదు. కాబట్టి ఒక్క చాంపియన్ ఉంటే సరిపోదు. అతను తన కుస్తీ గెలిచినా మిగతావాళ్ళలో ముగ్గురు ఓడితే జట్టు ఇంటికే.

గెలిచిందెవరు

1994లో ఫ్రాన్స్ గెలిచింది. ఆ తర్వాత ఎక్కువసార్లు జపాన్‌దే పైచేయి, 2014, 2015 టైటిళ్ళు కూడా దానివే. ఆశ్చర్యం కలిగించేది జార్జియా. 40 లక్షల లోపు జనాభా ఉన్న ఈ చిన్న దేశం 2006, 2008, 2013లో పురుషుల టీమ్ టైటిల్ కొట్టింది. 2008లో అయితే జపాన్ సొంతగడ్డ టోక్యోలోనే గెలిచింది. అక్కడ 'చిదావోబా' అనే పాతకాలపు పల్లె కుస్తీ ఉంది. అందులోనూ కోటు, బెల్టు పట్టుకునే పడేస్తారు. మన ఊళ్ళలో తాలింఖానా ఎలాగో, వాళ్ళకు అది అలాగ. ఆ కుస్తీ పట్లే జూడో చాప మీదికి వచ్చాయి.

ఆడపిల్లలు లేకపోతే టీమే లేదు

మిక్స్‌డ్ టీమ్‌లో ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. నాలుగు కుస్తీలు గెలవాలి. 3-3 అయితే చీటీ తీసినట్టు ఒక విభాగాన్ని ఎంచి మళ్ళీ ఆడిస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ అలాగే తేలింది. 66 కిలోల ఒలింపిక్ చాంపియన్ హిఫుమి అబే 73 కిలోల విభాగంలో దిగి, ఫ్రాన్స్ ఆటగాడు జోన్-బెంజమిన్ గాబా చేతిలో ఓడాడు. ఆ తర్వాత స్కోరు 3-3 అయింది. చివరి కుస్తీలో టెడ్డీ రినేర్ గెలిచి ఫ్రాన్స్‌కు స్వర్ణం అందించాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మాత్రం జపాన్ వరుసగా ఏడుసార్లు గెలిచింది. 2025లో ఆ వరుసను తెంచింది మళ్ళీ జార్జియానే.

ఇక్కడే మన ఇళ్ళలో వచ్చే ప్రశ్న: తల కప్పుకునే అమ్మాయి జూడో ఆడొచ్చా? 2012 లండన్ ఒలింపిక్స్‌లో సౌదీ అరేబియాకు చెందిన 16 ఏళ్ళ వుజ్దాన్ షహర్‌కానీ ఆడింది. మెడకు ప్రమాదమని మొదట అభ్యంతరం వచ్చినా, చివరికి తలకు బిగుతుగా ఉండే ప్రత్యేక టోపీతో ఒప్పుకున్నారు. నిమిషన్నర కూడా కాకముందే ఓడిపోయింది, కానీ దారి ఉందని చూపించింది.

మన దగ్గర పరిస్థితి

ప్రపంచ టీమ్ పోటీల్లో భారత్‌కు ఇంతవరకు పతకం లేదు. విడివిడిగా మాత్రం మెరుపులున్నాయి. 2022లో మణిపూర్ అమ్మాయి లింథోయి చనంబం కేడెట్ ప్రపంచ చాంపియన్ అయింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం తెచ్చాడు. అయితే టీమ్ కావాలంటే ప్రతి బరువులోనూ మనిషి ఉండాలి, అది ఒకరిద్దరు చాంపియన్లతో అయ్యే పని కాదు.

గోరంట్ల పిల్లలకు దగ్గరలో చెప్పుకోదగ్గ చోటు అనంతపురం. అక్కడి ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, హాకీతో పాటు జూడో కూడా నేర్పుతూ వచ్చారు. ఈ ఆటకు పెద్ద మైదానం అక్కర్లేదు, నీళ్ళు పోసి పెంచే గడ్డి అక్కర్లేదు. మందపాటి చాపలు, ఒక హాలు, సరిగ్గా పడటం నేర్పే కోచ్ చాలు. అయితే సన్నగా ఉన్న పిల్లోడు, లావుగా ఉన్న పిల్లోడు, వాళ్ళ అక్కచెల్లెళ్ళు, అందరూ రావాలి. లావుగా ఉన్నాడని బడిలో నలుగురూ నవ్వే పిల్లోడికి కూడా టీమ్ జూడోలో ఒక స్థానం ఉంది. అతను రాకపోతే అక్కడ జట్టుకు ఒక కుస్తీ ముందే పోయినట్టు.