ఏవీఎన్ కాలేజీ పేరు ముందు ఉన్న ‘మిసెస్’ ఎవరు?

ఇవాళ ఫౌండేషన్, ట్రస్ట్, సీఎస్ఆర్ ఫండ్ అనే మాటలు రోజూ వింటున్నాం కదా. ఆ మాటలేవీ వాడుకలో లేని రోజుల్లో విశాఖపట్నంలో స్కూలుకీ కాలేజీకీ డబ్బు ఎవరిచ్చేవారు? ఎక్కువగా జమీందారీ కుటుంబాలే. అది రైతులు కట్టిన శిస్తు నుంచి వచ్చిన డబ్బే, ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

మనం ఏవీఎన్ అని పిలిచే కాలేజీ 1860లో చిన్న స్కూలుగా మొదలైంది. 1878లో కాలేజీ అయింది. ఆ శతాబ్దం చివర్లో అంకితం వారి విరాళంతో దాని పేరు ‘మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ’గా మారింది. సి.వి. రామన్, శ్రీశ్రీ చదివింది ఇక్కడే. ఏవీఎన్ అంటే అంకితం వెంకట నరసింగరావు. మరి మిసెస్? ఆయన భార్య అచ్చయ్యమ్మ గారు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఈవిడ కథే. ఆవిడ తండ్రి గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లోని తన ఇంటి దగ్గరే సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించారు. సొంతంగా అబ్జర్వేటరీ అండీ, ఆ రోజుల్లో! 1856లో ఆయన పోయాక అల్లుడు నరసింగరావు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. 1892లో ఆయనా పోయారు. 1894లో అచ్చయ్యమ్మ గారు ఆ నక్షత్రశాలను మద్రాసు ప్రభుత్వానికి అప్పగించారు. పుస్తకాల్లో తండ్రి గురించీ భర్త గురించీ పేజీలున్నాయి. ఈవిడకి ఒక వాక్యం, మహా అయితే రెండు.

పోల్చి చూడండి. ఆంధ్రా యూనివర్సిటీ సైన్స్ కాలేజీకి జయపురం రాజా విక్రమదేవ వర్మ భారీగా విరాళం ఇచ్చారు, కాలేజీకి ఆయన సొంత పేరే పెట్టారు. ఇక్కడేమో ఒక స్త్రీని గౌరవిస్తూ పెట్టిన పేరులో ఆవిడ పేరులో ఒక్క అక్షరం కూడా లేదు! అప్పటి ఇంగ్లీషు మర్యాద అంతే అనుకోండి. కానీ మనం ఇంకో అడుగు ముందుకేశాం, మాటల్లో ఆ ‘మిసెస్’ కూడా తీసేశాం. ఆటోవాళ్లకీ స్టూడెంట్లకీ అది ఉత్త ఏవీఎన్.

మీ ఇంట్లో తాతగారిదో మామ్మదో ఆ కాలేజీ పాత సర్టిఫికెట్ ఉంటే తీసి, దాని మీద కాలేజీ పేరు ఎలా ఉందో కామెంట్‌లో రాయండి.