పసుపు త్రికోణం: ఒక డ్రైవర్ కేబుళ్లను చంపేసిన కథ

ఈ ఎపిసోడ్‌లో చరిత్ర కన్నా ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

2019. ఉద్యోగంలో కొత్త. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో కరెంటు మీటర్ల రీడింగులు కంప్యూటర్‌లోకి తెచ్చే పని అప్పజెప్పారు. మీటర్లన్నీ ఆర్‌ఎస్-485 లైను మీద ఉన్నాయి, అంటే రెండు తీగలతో నడిచే లైను. ఆ లైనుకీ కంప్యూటర్‌కీ మధ్య యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ కావాలి. అక్కడి ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర ఒకటి ఉంది, నల్ల టేపు చుట్టిన చిన్న డబ్బా. ఆయన పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నా విండోస్ 10 లాప్‌టాప్‌కి పెట్టగానే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం. డ్రైవర్ తీశాను, వేశాను, రీస్టార్ట్ చేశాను, మళ్లీ తీశాను. మూడు గంటలు పోయాయి. చివరికి మా మేనేజర్ ముందు, ఆ అన్న వింటుండగానే అనేశాను: "డూప్లికేట్ కన్వర్టర్ కొన్నారు సార్, అందుకే."

ఆయన కోప్పడలేదు. "ఐదేండ్ల సంది నడుస్తుంది సార్ ఇది. బిల్లు గూడ ఉంది ఇంట్ల, రేపు తెమ్మంటరా?" అన్నాడంతే. స్టోర్స్‌లో ఇండెంట్ పెట్టినా రాకపోతే సొంత డబ్బు పెట్టి కొన్నాడని తర్వాత తెలిసింది. బ్రాండ్ పేరు అనవసరం. ఇప్పుడు నేను చెప్పబోయే కంపెనీది మాత్రం కాదు. కానీ అదే తీగ, అదే మీటరు, అదే డబ్బా. పాత కంప్యూటర్ ఒప్పుకున్నదాన్ని కొత్త కంప్యూటర్ ఎందుకు ఒప్పుకోదు? ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే 2014లో జరిగిన ఒక గొడవ దగ్గర తేలాను.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఆర్‌ఎస్-232 అనే సీరియల్ ప్రమాణం 1960లో వచ్చింది, అమెరికాలో, టెలిఫోన్ మోడెమ్‌లకీ టెర్మినళ్లకీ మధ్య మాటలు నడవడానికి. ఒక తీగ మీద మైనస్ వోల్టేజ్ ఉంటే 1, ప్లస్ ఉంటే 0. అంతే విద్య. 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం మోడ్‌బస్ అనే భాష తయారుచేసింది. ఇప్పటికీ మీటర్లు, డ్రైవులు, టెంపరేచర్ కంట్రోలర్లు ఆ భాషే మాట్లాడుతున్నాయి. 1981లో ఐబీఎమ్ పీసీ వచ్చినప్పుడు సీరియల్ పోర్టు కోసం వేసే కార్డులో 8250 అనే చిప్ ఉండేది. కామ్1 అంటే ఫలానా అడ్రసు, ఫలానా ఇంటరప్టు, ఖాయం. ఆ చిప్ ఎవరు తయారుచేసినా ప్రవర్తన ఒకటే కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా నేరుగా దానితో మాట్లాడేది. చిప్ కంపెనీ డ్రైవర్ సీడీ కోసం వెతుక్కునే పనే లేదు.

1996లో యూఎస్‌బీ వచ్చింది. 1998లో ఆపిల్ ఐమాక్ పాత సీరియల్ పోర్టుల్ని మొత్తం పీకేసింది. తర్వాత పదేళ్లలో లాప్‌టాప్‌ల నుంచి కూడా ఆ తొమ్మిది పిన్నుల పోర్టు మాయమైంది. ఫ్యాక్టరీలో మెషీన్లు మారలేదు కదా! ఇరవై ఏళ్లు నడవాల్సిన పీఎల్‌సీని లాప్‌టాప్ ఫ్యాషన్ కోసం ఎవరు పారేస్తారు? అందుకే మధ్యలో కన్వర్టర్ పుట్టింది.

ఇక్కడ జరిగిన మార్పు జాగ్రత్తగా చూడండి. సీరియల్ పోర్టు కంప్యూటర్ లోపల్నుంచి బయటికి, కేబుల్ తలలోకి వచ్చేసింది. యూఎస్‌బీలో ప్రతి పరికరం తగిలించగానే రెండు నంబర్లు చెప్పుకోవాలి: నేను ఏ కంపెనీ, నేను ఏ మోడల్. విండోస్ ఆ నంబర్లు చూసి ఏ డ్రైవర్ వేయాలో నిర్ణయిస్తుంది. ఎవరి చిప్ అయినా ఒకే డ్రైవర్‌తో నడిచేలా యూఎస్‌బీ వాళ్లు ఒక ఉమ్మడి పద్ధతి కూడా రాశారు. కానీ విండోస్ దాన్ని తనంతట తాను గుర్తుపట్టి డ్రైవర్ వేసుకోవడం 2015లో విండోస్ 10తోనే మొదలైంది. ఈలోపు ఒక్కో చిప్ కంపెనీ తన సొంత పద్ధతి, తన సొంత డ్రైవర్ పెట్టేసుకుంది. అలా మన మెషీన్‌కీ మన కంప్యూటర్‌కీ మధ్య ఒక మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు.

ఆ మూడో మనుషుల్లో పెద్ద పేరు ఎఫ్‌టీడీఐ. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో కంపెనీ, 1992లో మొదలైంది. వాళ్ల ఎఫ్‌టీ232 చిప్ అంటే మార్కెట్‌లో గౌరవం. తొలి ఆర్డుయినో బోర్డుల్లో చాలావాటి మీద ఉండేది అదే. డ్రైవర్ గట్టిది, పని నమ్మకం. గౌరవం ఉన్నచోట నకిలీ కూడా ఉంటుంది. 2014 ఫిబ్రవరిలో జెప్టోబార్స్ అనే బ్లాగు అసలు చిప్‌నీ నకిలీ చిప్‌నీ పైపొర తీసి, లోపలి సిలికాన్ ఫొటోలు పెట్టింది. నకిలీది అసలు డిజైన్‌కి కాపీ కూడా కాదండీ. ఎఫ్‌టీడీఐ చిప్‌లా నటించేలా ప్రోగ్రామ్ నింపిన మామూలు మైక్రోకంట్రోలర్. దాని సిలికాన్ మీద చెక్కిన పేరు "సూపరియల్". నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇక అదే ఏడాది అక్టోబర్. ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవర్, వెర్షన్ 2.12, విండోస్ అప్‌డేట్ ద్వారా జనం కంప్యూటర్లలోకి దానంతట అదే వచ్చింది. ఆ డ్రైవర్ తగిలించిన చిప్ మెమరీలోకి ఒక చిన్న రాత పంపుతుంది. అసలు చిప్ రెండు పదాల్ని జతగా వస్తేనే మెమరీలో రాసుకుంటుంది. డ్రైవర్ సగం జతే పంపుతుంది కాబట్టి అసలు చిప్‌కి ఏమీ కాదు. నకిలీ మాత్రం ఏ పదం వస్తే అది వెంటనే రాసేసుకుంటుంది. పైగా చెక్‌సమ్ సరిపోయేలా లెక్క కట్టి మరీ పంపారు. ఫలితం: 6001గా ఉండాల్సిన మోడల్ నంబరు 0000 అయిపోయింది. ఆ తర్వాత ఏ విండోస్ కంప్యూటర్‌కి పెట్టినా, "ఇదెవరో నాకు తెలియదు" అంటుంది. తన కంప్యూటర్‌లో పాత డ్రైవర్ ఉన్నవాడికీ అంతే. దెబ్బ కంప్యూటర్‌కి కాదు, కేబుల్‌కి తగిలింది.

ఇంజనీర్‌గా చూస్తే ఆ తెలివికి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, నిజం దాచను. తన పేరు పెట్టుకుని అమ్మే దొంగ మీద కంపెనీకి కోపం రావడంలో కూడా తప్పులేదు. ఆ డ్రైవర్ రాసి పోషించేది వాళ్లే, నకిలీవాడు దాన్ని ఊరికే వాడుకుంటున్నాడు. లైసెన్స్ కాగితంలో కూడా ముందే రాశారు: అసలుది కాని చిప్‌కి ఈ డ్రైవర్ వాడితే అది కోలుకోలేనంతగా దెబ్బతినొచ్చని. కానీ దెబ్బ ఎవరికి తగిలింది? నకిలీ చిప్ చేసినవాడు అప్పటికే డబ్బు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. అది కొని బోర్డులో బిగించినవాడికి తెలియకపోవచ్చు. ఆ బోర్డున్న మెషీన్ కొన్న ఆసామికి అసలే తెలియదు. విండోస్ అప్‌డేట్ అంటే భద్రత కోసం కళ్లు మూసుకుని నమ్మే దారి. ఆ దారిలో వచ్చిన దెబ్బ ఇది. నా దృష్టిలో కంపెనీ చేసింది తప్పే. లైసెన్స్‌లో రాసినంత మాత్రాన ఒప్పు కాదు.

గొడవ పెద్దదై కొద్ది రోజుల్లోనే ఆ డ్రైవర్‌ని విండోస్ అప్‌డేట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. లైనక్స్ వాళ్ల తీరు వేరు. అలాగే నకిలీల నంబరు చెరిపేద్దామని ఒకరు కర్నెల్‌కి వెటకారంగా ప్యాచ్ పంపితే, జోకుగానే తీసుకుని పక్కన పెట్టారు. తర్వాత ఆ 0000 నంబర్ని కూడా డ్రైవర్ జాబితాలో చేర్చేశారు. విండోస్‌లో చచ్చిన కేబుల్ లైనక్స్‌లో లేచి కూర్చుంది.

2016లో ఎఫ్‌టీడీఐ మళ్లీ ప్రయత్నించింది. ఈసారి చిప్‌ని చంపలేదు. మీరు పంపిన డేటా బదులు, "అసలుది కాని పరికరం దొరికింది" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యాన్ని లైను మీదికి వదిలింది. ఇంట్లో ఆర్డుయినోతో ఆడుకునేవాడికి అది చిరాకు. కానీ ఆ లైను అవతల ఉన్నది మోటారు కంట్రోలరో, మందు కొలిచే పంపో అయితే? తనకి అర్థంకాని అక్షరాలకి ప్రతి మెషీనూ ఒకేలా ప్రవర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాకు మొదటిదానికన్నా ఇదే ఎక్కువ భయం.

ఇంకో కంపెనీ గురించి ఒక్క మాట: తైవాన్ ప్రోలిఫిక్ వాళ్ల పీఎల్2303 చిప్‌లది కూడా ఇలాంటి కథే, కాకపోతే వాళ్లు చిప్‌లో ఏమీ రాయరు. కొత్త డ్రైవర్ పాత చిప్‌ని, నకిలీ చిప్‌ని చూసి పని మొదలుపెట్టదు, కోడ్ 10 అంటుంది. తాము నిజంగా తయారుచేసిన పాత మోడళ్లని కూడా తర్వాతి డ్రైవర్లు కాలం చెల్లినవని పక్కన పెట్టాయి. బిల్లు ఉన్నా, సరుకు అసలుదైనా అంతే.

ఇదంతా చదివాక నాకు ఆ అన్న బిల్లు గుర్తొచ్చింది. పది రోజుల తర్వాత మళ్లీ ఆ ఫ్యాక్టరీకి వెళ్లాను. ఎక్స్‌పీ కంప్యూటర్‌లో డివైస్ మేనేజర్ తెరిచి డ్రైవర్ వెర్షన్ చూశాను, ఏళ్ల నాటిది. ఆ చిప్‌కి విండోస్ 10లో సరిపోయే పాత వెర్షన్ ఒకటి పట్టుకుని, "డ్రైవర్‌ని నేనే ఎంచుకుంటాను" అనే దారిలో వేశాను. విండోస్ దాన్ని మళ్లీ మార్చేయకుండా ఆ పరికరానికి డ్రైవర్ అప్‌డేట్లు ఆపేశాను. త్రికోణం పోయింది. కామ్7 వచ్చింది. మీటర్ సాఫ్ట్‌వేర్‌కి కామ్4 దాటి తెలియదు, అందుకని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కామ్3 చేశాను. మొదటి మీటర్ రీడింగ్ స్క్రీన్ మీద పడింది.

"తప్పు మీ కన్వర్టర్‌ది కాదన్నా," అన్నాను. "నేను అదే చెప్పిన గద సార్," అని నవ్వి, డబ్బా తీసుకుని టేపు మీద మార్కర్‌తో 3 అని రాసుకున్నాడు. మా మేనేజర్‌కి మాత్రం నేను ఆ మెయిల్ రాయలేదు. రాసి ఉండాల్సింది.