తుంటి ఆపరేషన్ తర్వాత చీము: లిస్టర్ నుంచి భోపాల్‌పట్నం దాకా

వృద్ధుల సమస్యల మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది పింఛను, ఉమ్మడి కుటుంబం రాసి ముగిస్తాం. ఈసారి తుంటి ఎముక గురించి ఆలోచించండి. 75 ఏళ్ల మనిషి బాత్రూంలో జారిపడితే తరచూ విరిగేది అదే. ఆపరేషన్ బాగా జరిగినా, తర్వాత కుట్ల దగ్గర చీము పడితే ఆ మనిషి మళ్లీ మంచం దిగకపోవచ్చు.

1865 ఆగస్టులో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, బండి చక్రం కింద కాలు విరిగిన 11 ఏళ్ల కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టాడు. చీము పట్టలేదు. ఇది అందరం చదివిందే. నా దృష్టిలో పెద్ద మలుపు 1877. ఆ ఏడాది లండన్‌లో ఆయన, పైన చర్మం చిట్లకుండా లోపల మోకాలిచిప్ప మాత్రమే విరిగిన రోగికి కాలు కోసి, చిప్పను వెండి తీగతో బిగించాడు. అప్పటి డాక్టర్లకు అది దుస్సాహసం. ఎందుకో గమనించండి. తుంటి విరిగినప్పుడు కూడా సాధారణంగా చర్మం చిట్లదు. సూక్ష్మజీవికి దారి తెరిచేది డాక్టర్ కత్తే. ఆ దారి మూయగలమన్న ధైర్యం వచ్చాకే 1931లో బోస్టన్ సర్జన్ స్మిత్-పీటర్సన్ తుంటికి మూడు రెక్కల ఉక్కు మేకును ప్రకటించగలిగాడు.

ఉక్కు అనగానే మన ఇంజినీరింగ్ వాళ్లకు తుప్పు గుర్తొస్తుంది. ఇక్కడ చిక్కు వేరు. లోహానికి రక్తప్రసరణ ఉండదు. దాని మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుంటే మందు లోపలికి సరిగా పనిచేయదు. మళ్లీ కోసి శుభ్రం చేయాలి, ఒక్కోసారి లోహాన్నే తీసేయాలి. షుగరు, తిండి చాలక నీరసం ఉన్న ముసలి ఒంటికి అది చాలా బరువు.

యాంటీబయాటిక్స్ వచ్చాయి కదా అంటారా? వచ్చాయి, అందులో మనవాడి చేయి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో పరిశోధన విభాగాన్ని నడుపుతుండగానే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. (ప్రిలిమ్స్‌కి పనికొస్తుంది, రాసి పెట్టుకోండి.) అయితే మందు ఒక్కటే చాలదని 1961లో జాన్ బర్క్ గినీ పందుల మీద తేల్చాడు. సూక్ష్మజీవి చేరకముందే ఒంట్లో ఉంటే మందు బాగా పనిచేసింది, మూడు గంటలు దాటాక ఇస్తే ఫలితం లేదు. ఇప్పుడు కోతకు ముందు గంటలోపు ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతికి మూలం అదే. అదే దశకంలో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్‌లో జాన్ చార్న్‌లీ ఆపరేషన్ గదిలో గాలిని వడకట్టాడు. ఆయన చేసినవి కీలుమార్పిడులు, అయినా పాఠం ఒకటే. ఇన్ఫెక్షన్లు సుమారు 7 శాతం నుంచి 1 శాతం లోపుకు దిగాయి. బట్టలు, చేతి తొడుగుల్లో చేసిన మార్పులకూ అందులో వాటా ఉంది.

ఇక భోపాల్‌పట్నం. బస్తర్ దక్షిణ కొసన, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో, తెలుగు వినిపించే ఊరు. 2018 ఏప్రిల్ 14న ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో మొదటి వెల్‌నెస్ సెంటర్ ప్రారంభమైంది ఇదే బీజాపూర్ జిల్లాలోని జాంగ్లాలో. కానీ తుంటికి కావలసింది ఆపరేషన్ థియేటర్, అదీ ఒకటి రెండు రోజుల్లోనే. ఆలస్యమైన కొద్దీ పడక పుండ్లు, నిమోనియా. జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ 200 కిలోమీటర్లకు పైనే. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక వరంగల్ దారి సులువైంది, భాషా కలుస్తుంది.

అసలు మెలిక ఇక్కడే. చీము చాలాసార్లు డిశ్చార్జి అయ్యాకే బయటపడుతుంది. లోపల లోహం పెట్టిన రోగిని 90 రోజులు గమనించాలని అమెరికా సీడీసీ నిర్వచనం. వరంగల్‌లో కుట్లు వేయించుకుని భోపాల్‌పట్నం చేరిన ముసలమ్మకు మూడో వారంలో గాయం ఎర్రబడితే మొదట చూడగలిగేది మితానిన్, అంటే 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన గ్రామ ఆరోగ్య కార్యకర్త. ఆపరేషన్ రికార్డు తెలంగాణలో, గాయం ఛత్తీస్‌గఢ్‌లో. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటి డబ్బు కడుతుంది. కుట్ల సంగతి వెనక్కి, కోసిన డాక్టర్ దాకా చేర్చే బాధ్యత ఎవరిది? అంతర్రాష్ట్ర సహకారం అనగానే గోదావరి జలాలే రాస్తున్నాం. జీఎస్-2 జవాబులో ఈ గాయాన్ని కూడా పెట్టి చూడండి.